స్ప్రింగు మీద రంగు గీత ఏం చెబుతుంది?

కుందుర్పి నుంచి కళ్యాణదుర్గం వైపు వెళ్లే కారులో మనుషులు మాత్రమే ఎక్కరు. పంట చేతికొస్తే డిక్కీలో శెనక్కాయ మూటలెక్కుతాయి. ఇంట్లో పెళ్లయితే బియ్యం బస్తాలెక్కుతాయి. ఆ బరువు మోసేవి చక్రాల దగ్గరుండే స్ప్రింగులు. గుంతల దారిలో ఏదో ఒకరోజు వాటిలో ఒకటి విరుగుతుంది. కారు ఓ పక్కకు ఒరుగుతుంది.

విరిగిన స్ప్రింగును తీసి మట్టి కడిగి చూడండి. నల్లటి చుట్ల మీద పసుపో, ఆకుపచ్చో, తెలుపో చిన్న గీత కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో పొరపాటున పెయింటు అంటుకుందనుకుంటారు చాలామంది. నిజానికి ఆ స్ప్రింగు జాతకమంతా ఆ గీతలోనే ఉంటుంది.

స్ప్రింగు బలాన్ని కంటితో పోల్చుకోవడం కష్టం. ఎత్తు, చుట్లు, వెడల్పు అన్నీ సమానంగా ఉండి, ఒకదాని కమ్మీ మందం 12 మిల్లీమీటర్లు, మరోదానిది 13 ఉందనుకోండి. తేడా ఒక్క మిల్లీమీటరే. కానీ రెండోది దాదాపు 38 శాతం గట్టిగా ఉంటుంది!

మోడల్ ఒకటే అయినా అన్ని కార్ల బరువూ ఒకటి కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో వచ్చిన సెల్టోస్‌నే తీసుకోండి. పెట్రోలు, డీజిల్, గేర్లవి, ఆటోమేటిక్... ఇలా రకరకాలుగా వచ్చింది. మామూలుగా డీజిల్ ఇంజిను బరువెక్కువ. ఏ కార్ల కంపెనీ అయినా బరువును బట్టి స్ప్రింగును ఎంచుకోవాల్సిందే. బిగించేవాళ్లు తడబడకుండా రంగు గుర్తు పెడతారు.

ఇంకో సంగతి. ఒకే మిషను మీద చుట్టినా రెండు స్ప్రింగులు అచ్చు ఒకేలా రావు. అందుకే తయారయ్యాక నిర్ణీత ఎత్తుకు నొక్కి, ఎంత బరువు ఆపిందో కొలుస్తారు. దాన్నిబట్టి తరగతులుగా విడదీసి, ఒక్కో తరగతికి ఒక్కో రంగు వేసే కంపెనీలున్నాయి. గీతలు రెండు మూడు ఉంటే ఒకటి స్ప్రింగు రకాన్ని, మరోటి తరగతిని చెప్పొచ్చు.

ఈ రంగులకు ప్రపంచమంతా చెల్లే లెక్క లేదు. ఒక కంపెనీ పసుపు, మరో కంపెనీ పసుపు ఒకటి కావు. కాబట్టి పాత సామాన్ల అంగడిలో 'రంగు కలిసింది కదా' అని వేరే మోడల్ స్ప్రింగు తెచ్చి బిగిస్తే బండి ఒరుగుతుంది, బ్రేకు వేస్తే ఓ పక్కకు లాగే ప్రమాదమూ ఉంది.

స్ప్రింగు మార్చేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

* పాత స్ప్రింగు రంగులు, వాటి వరుస రాసుకోండి. ఫోనులో ఫొటో తీస్తే ఇంకా మంచిది.

* కారు ఛాసిస్ నంబరు చెప్పి, పార్టు నంబరు ప్రకారమే కొత్తది కొనండి.

* ఒకటి విరిగినా ఆ వరుసలో కుడి ఎడమలు రెండూ కలిపి మార్చండి. కొన్ని మోడళ్లకు రెండువైపులా వేర్వేరు స్ప్రింగులు కంపెనీయే ఇస్తుంది. సర్వీసు పుస్తకం చూశాకే బిగించమనండి.

* స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు లేకుండా ఇంట్లో విప్పకండి. ఎగిరి తగిలితే ప్రాణానికే ముప్పు.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకూ ఈ గీతలు పనికొస్తాయి. ఒకే వరుసలోని రెండు స్ప్రింగుల గుర్తులు కలవకపోతే, బేరం కుదుర్చుకునే ముందు కారణమేంటో అడగండి.