లంఖణం అందరికీ ఔషధం కాదు

మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా అత్తగారి మాట ఒకటే, "లంఖణం పరమౌషధం". నా పిల్లలకు నేనూ అలాగే చేశాను, వాళ్లు బాగానే ఉన్నారు. పోయినేడాది మా మరిది కొడుకు, 14 నెలల వాడు, రెండు వాంతులు చేసుకుని ఏమీ తాగకుండా పడుకున్నాడు. "పోనీలే, కడుపు ఖాళీగా ఉండనీ" అన్నాం, నాతో సహా. తెల్లారి ఎంత లేపినా లేవలేదు. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో షుగర్ అడుగంటింది.

దేవుడి దయవల్ల దక్కాడు. పరీక్షల్లో ఎంక్యాడ్ లోపమని తేలింది. తినకుండా ఉంటే ఒంట్లో దాచుకున్న చక్కెర అయిపోతుంది, ఆపైన కొవ్వు కరిగి శక్తినిస్తుంది కదా. ఆ కొవ్వును విడగొట్టే ఎంజైముల్లో ఒకటి వీడికి సరిగ్గా తయారవదు. ఆ ఎంజైమును తయారుచేయించే జన్యువు ఏసీఏడీఎం. యూరప్ వాళ్లలో ఎక్కువగా కనిపించేది అందులో 985వ అక్షరం మారడమట. ఒక్క అక్షరం! మా వాడికి మార్పు వేరే చోట ఉంది, కానీ రెండు కాపీల్లోనూ అదే మార్పు.

ఎందుకంటే మా తోడికోడలు మా ఆడపడుచు కూతురే, మేనమామను చేసుకుంది. ఆస్తి బయటికి పోదని ముచ్చటపడి చేశారు. ఆస్తితో పాటు ఇదీ ఇంట్లోనే ఉండిపోయింది. చుట్టాలు మాత్రం "దాని కడుపే మంచిది కాదు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ, రెండూ చెడితేనే జబ్బు. నింద మాత్రం తల్లికేనా? బయటి సంబంధమైనా రావచ్చు, దగ్గరి రక్తమైతే ఇద్దరిలోనూ ఒకే తప్పు ఉండే అవకాశం ఎక్కువ, అంతే. ఇంకోమాట. నలుగురిలో ఒకరికి అంటే, ఒకరికి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ భయం లేదని కాదు. ప్రతి కాన్పుకీ మళ్లీ 25 శాతమే.

బ్రిటన్‌లో బిడ్డ పుట్టిన ఐదో రోజునే మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి ఇది చూస్తారు. మన దగ్గర చాలాచోట్ల అడిగితేనే. బారసాలకి పూల డెకరేషన్ మాట్లాడుకునే మనం డాక్టరుని ఈ ఒక్క మాట అడగలేమా?

వాడికి పెద్ద మందులేవీ లేవు, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకూడదు. ఒంట్లో బాగోకపోతే గ్లూకోజ్ నీళ్లు, అవీ నిలవకపోతే వెంటనే ఆసుపత్రిలో నరం ద్వారా గ్లూకోజ్. మొన్న జలుబు చేస్తే రాత్రి రెండింటికి వంటింట్లో లైటు వెలిగింది. వెళ్లి చూద్దును కదా, అత్తగారు గ్లూకోజ్ కలుపుతున్నారు.