లెన్సు కొనివ్వలేకపోతే వచ్చే లోటేమీ లేదు

కొండలూ అడవులూ పట్టుకు తిరిగే ఫొటోగ్రాఫర్ ఇంట్లో ఒకరుంటే, వాళ్ల పుట్టినరోజు చుట్టాలకు పెద్ద చిక్కే. "వాడికి మనమేం కొనివ్వగలం? లెన్సంటే లక్షలు" అని ముందు ఒక నిట్టూర్పు. తర్వాత లెన్సు ఆకారంలో ఉన్న కాఫీ మగ్గో, కెమెరా బొమ్మ వేసిన టీ షర్టో చేతిలో పెట్టి చేతులు దులుపుకోవడం. గృహప్రవేశానికి గోడ గడియారాలు వచ్చిపడినట్టే ఈ మగ్గులూ వచ్చిపడతాయి.

ఆ నిట్టూర్పుకూ ఈ మగ్గుకూ మూలం ఒకటే నమ్మకం. మంచి ఫొటో అంటే ఖరీదైన కెమెరా, అది కొనివ్వలేనివాళ్లు ఏదో సరదా వస్తువుతో సరిపెట్టుకోవాల్సిందే అని. ఆరుబయట పనిచేసేవాళ్ల కష్టమేమిటో తెలియనివాళ్లే ఆ మాట నమ్ముతారు. అక్కడ ఫొటో తప్పిపోయేది చాలాసార్లు లెన్సు చాలక కాదు. బ్యాటరీ అయిపోయి, అద్దానికి ఆవిరి పట్టి, చీకట్లో దారి కనబడక, జీపులో చెయ్యి కుదురుగా నిలవక. వీటిలో చాలావాటికి మందు వందల రూపాయల్లో దొరుకుతుంది, మహా అయితే కొద్ది వేలల్లో.

మన పక్కనే మద్రాసులో ఎం. కృష్ణన్ ఉండేవారు. 1950 నుంచి 1996లో చనిపోయేదాకా ద స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతి మీద శీర్షిక నడిపిన మనిషి. ఏనుగులనూ అడవిదున్నలనూ నలుపు తెలుపుల్లో ఫొటోలు తీసిన ఆయన కెమెరా ఏ కంపెనీదీ కాదు. రకరకాల భాగాలు జతచేసి కూర్చుకున్నది. దానికాయన వేళాకోళంగా పెట్టుకున్న పేరు సూపర్ పొండెరోసా. అడవిలో గంటల తరబడి వేచి ఉండే ఓపిక, జంతువుల నడవడి మీద పట్టు, ఇవీ ఆయన అసలు సరంజామా.

అమెరికా పర్వతారోహకుడు గేలెన్ రోవెల్ సంగతీ అంతే. పెద్ద పెద్ద కెమెరాలు మోయకుండా తేలికపాటి 35 ఎంఎం కెమెరాతో కొండలెక్కారు. 1981లో లాసాలో ఇంద్రధనుస్సు కనబడగానే, అది సరిగ్గా పొటాలా భవనం మీద వాలినట్టు కనిపించే చోటు కోసం పరుగెత్తారు. సముద్రమట్టానికి 3,600 మీటర్ల ఎత్తున, ఊపిరి ఆడడమే కష్టమైన ఊళ్లో! ఆయనకు బాగా పేరు తెచ్చిన ఫొటోల్లో అదొకటి. కాళ్లలో సత్తువ, భుజాన తక్కువ బరువు లేకపోతే ఆ ఫొటో లేదు.

అలాగని లెన్సుతో పనే లేదంటే అది మూర్ఖత్వం. నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల మీద గూడు కట్టిన గూడబాతులను దూరం నుంచి తీయాలంటే 400 ఎంఎం లెన్సయినా ఉండాలి. కానీ అది బహుమతిగా ఇవ్వాల్సిన వస్తువు కాదు. నికాన్ జడ్ లెన్సు కేనన్ ఆర్ఎఫ్ బాడీకి నేరుగా ఎక్కదు, సోనీకి తీసుకున్నది నికాన్‌కూ నేరుగా ఎక్కదు. బరువు ఎంత మోయగలరో, ఏ దూరాలు కావాలో వాడేవాళ్లకే తెలుసు. ఆశ్చర్యపరుద్దామని అప్పుచేసి కొన్న లెన్సు బీరువాలో కూర్చునే అవకాశమే ఎక్కువ.

మరి ఏమివ్వాలి? ముందు బ్యాటరీ చూడండి. నికాన్ డీ5600 అనే పాత తరం డీఎస్ఎల్ఆర్ ఒక్క చార్జింగుతో ప్రామాణిక పరీక్షలో సుమారు 970 ఫొటోలు తీస్తుంది. అదే కంపెనీ మిర్రర్‌లెస్ కెమెరా జడ్50 తీసేది సుమారు 300. మిర్రర్‌లెస్‌లో తెరో, వ్యూఫైండరో ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి కాబట్టి ఈ తేడా. చలిలో లిథియం బ్యాటరీ శక్తి ఇంకా తగ్గుతుంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో రెండో బ్యాటరీ జేబులో ఉన్నవాళ్లే మంచు విడిచేదాకా నిలబడగలరు.

రెండోది తేమ. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలం గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలే. బ్యాగులో మూసిపెట్టిన లెన్సుకు ఫంగస్ పట్టడానికి అంతకంటే అనుకూలం ఏముంటుంది? సాలెగూడులా అల్లుకున్న ఆ పోగులు అద్దం పూతను తినేస్తే ఎంత తుడిచినా పోదు. దీనికి విరుగుడు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అరకిలో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు. ముల్లు 40, 50 శాతాల మధ్య ఉంటే చాలు. నారింజ రంగు గుళికలు తేమ పీల్చి ముదురు ఆకుపచ్చకు తిరిగితే, వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. లక్షల లెన్సును కాపాడే ఈ సరంజామా అంతా కలిపినా చాలామంది పెళ్లి చదివింపుల కంటే తక్కువే అవుతుంది.

మూడోది సంచి. అమ్రాబాద్ అడవిలో ఫర్హాబాద్ సఫారీకి వెళ్లేవాళ్లకు జీపులో ట్రైపాడ్ పరిచే చోటుండదు. పాత జీన్స్ కాలు ఒకటి కత్తిరించి, ఒకవైపు కుట్టించి, రెండోవైపు జిప్పు పెట్టించమంటే వీధి చివర దర్జీ చేసిపెడతాడు. రెండు కిలోల శనగలో జొన్నలో నింపితే బీన్ బ్యాగ్ తయారు. జీపు అంచు మీద పరిచి లెన్సును దానిపై ఒత్తితే గింజలు లెన్సు చుట్టూ సర్దుకుని కదలకుండా పట్టుకుంటాయి. విమానమెక్కేటప్పుడు ఖాళీ చేసుకుపోయి, దిగిన ఊళ్లో కిరాణా కొట్టులో మళ్లీ నింపుకోవచ్చు.

వంజంగి మేఘాలు చూడాలంటే చీకట్లోనే కొండ ఎక్కాలి. అందుకు ఎర్ర వెలుగు కూడా ఇచ్చే హెడ్‌ల్యాంప్ మంచి కానుక. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తెల్ల లైటు ఒక్కసారి వెలిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఎర్ర వెలుగుతో ఆ తంటా తక్కువ.

వీటన్నిటికంటే మంచి కానుక మరొకటుంది, ఎవరికీ తట్టదు. వేల ఫొటోలు హార్డ్‌డిస్కుల్లో మగ్గుతుంటే, తీసిన మనిషి ఇంటి గోడ మీద ఒక్కటి కూడా ఉండదు. వాళ్లు తీసినవాటిలో నచ్చినదాన్ని అడిగి తీసుకుని, 12 బై 18 అంగుళాల ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి ఇవ్వండి.

ఖర్చు తక్కువైతే చాలనుకోవడమూ పొరపాటే. గాలికి ఊగిపోయే చవకబారు ట్రైపాడ్ నష్టమే తెస్తుంది. రోడ్డు పక్క అమ్మే మెమరీ కార్డుల్లో అసలు సామర్థ్యం కంటే ఎక్కువ చూపించే నకిలీలుంటాయి. నిండాక తీసిన ఫొటోలు ఉండవు. అలాంటిది ఇవ్వడం కంటే మగ్గే నయం.

కాబట్టి ఈసారి కానుక కొనే ముందు కెమెరా ఒకసారి చేతిలోకి తీసుకోండి. బ్యాటరీ మీద మోడల్ నంబరు ఉంటుంది, రాసుకోండి. ఫిల్టర్ కొనాలనుకుంటే లెన్సు మూత లోపలివైపు 67 అనో 77 అనో అంకె ఉంటుంది, అదీ రాసుకోండి. నమ్మకమైన దుకాణంలో కొని బిల్లు జతచేసి ఇవ్వండి.