స్టీరింగ్ మార్చే చేతికి సంతకం ఏదీ?

మొన్న రేపల్లెలో ఒక వలీమా దావత్‌కు వెళ్లాను. దస్తర్‌ఖాన్ ముందు నా పక్కన బాపట్ల దోస్తు, అతని పక్కన అమెరికా నుంచి వచ్చిన అతని తమ్ముడు. బిర్యానీ అయ్యాక ఆ కుర్రాడు ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. 1967 ఫోర్డ్ మస్టాంగ్, ఎర్ర రంగు.

"భాయ్‌జాన్, దీన్ని వతన్‌కు తీసుకురావాలని నా షౌఖ్. సూర్యలంక బీచ్ దాకా నడపాలి. ఒక్కటే మస్లా, స్టీరింగ్ ఎడమవైపు ఉంది. తెనాలిలో మీ మామూ కుడికి మార్చిపెడతారా?"

మర్నాడు రేపల్లె బండెక్కి తెనాలిలో దిగి, మామూ షెడ్డుకు వెళ్లి అడిగాను. డెబ్బై దాటిన మనిషి. కళ్లద్దాలు పైకి నెట్టి ఫొటో చాలాసేపు చూశారు.

"మారుస్తా. కానీ బేటా, చేసేది నా చెయ్యి. రేపు ఏమన్నా అయితే దొరికేది నా మెడ. ఈ రెంటి మధ్య 'పని సరిగ్గా ఉంది' అని సంతకం పెట్టేవాడెవడు?"

ఆ సవాలుకు నా దగ్గర జవాబు లేదు. మన కానూన్ దగ్గరా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎడమ స్టీరింగ్‌తో మనకున్న తక్లీఫ్ డెల్టా రోడ్ల మీద నడిపినవాళ్లకు తెలుసు. రెండు బళ్లు పట్టే దారి, పక్కనే కాల్వ, ముందు వడ్ల బస్తాల ట్రాక్టర్. దాన్ని దాటాలంటే ఎదురుగా ఏమొస్తుందో కనపడాలి. ఎడమవైపు కూర్చున్న డ్రైవరుకు ట్రాక్టర్ వెనక భాగమూ కాల్వ నీళ్లూ తప్ప ఏమీ కనపడవు. కుడిపక్క కూర్చున్నవాడు "రా రా" అంటే నమ్మి పోవాలి. రెండో జంగ్ తర్వాత మిలిటరీ వదిలేసిన విల్లీస్, ఫోర్డ్ జీపులన్నీ ఇలాంటివే. మామూ అబ్బాజాన్ కాలంలో ఆ జీపుల స్టీరింగ్ కుడికి మార్చడం షెడ్డులో మామూలు పని. మామూ ఆ హునర్ అక్కడే నేర్చారు.

అమెరికా బండికి కుడి స్టీరింగ్ వింత కాదు. మన పాత సినిమాల్లో హీరోలు దిగే షెవర్లేలు, డాడ్జీలు చాలావరకు కుడి స్టీరింగ్‌వే. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయి శివ్డీలో బళ్లు బిగించడం మొదలుపెట్టింది. కుర్లాలో ప్రీమియర్ వాళ్లు క్రిస్లర్ బళ్లు బిగించారు, కలకత్తా దగ్గర హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు స్టూడిబేకర్లు బిగించారు. బ్రిటిష్ రాజ్ దేశాల కోసం కెనడా కార్ఖానాలు అమెరికా మోడళ్లను కుడి స్టీరింగ్‌తో తయారుచేసేవి. అంతెందుకు, అమెరికాలోనే పోస్టుమన్ జీపులకు కుడి స్టీరింగ్ ఉండేది, రోడ్డు పక్క డబ్బాలో ఉత్తరం వేయడానికి వీలుగా. ఫర్క్ ఒక్కటే. అది కార్ఖానా చేసిన పని, దాని వెనక కార్ఖానా జిమ్మేదారీ ఉంది.

షెడ్డులో చేసే పని ఎలా ఉంటుందో మామూ నాకు వేలుపెట్టి చూపించారు. చక్రం ఇటు తిప్పేస్తే అయిపోదు. స్టీరింగ్ బాక్సు ఛాసిస్ ఎడమ కడ్డీకి బిగించి ఉంటుంది. ఎడమకని పోతపోసిన బాక్సు కుడి పక్క సరిగా కూర్చోదు, దానికి అద్దంలో బొమ్మలాంటి జోడీ కావాలి. పిట్‌మన్ ఆర్మ్, లింకులు మళ్లీ కొలత చూసి అమర్చాలి. పెడళ్లు, బ్రేకు మాస్టర్ సిలిండర్ ఇటు రావాలంటే ఇంజనుకూ క్యాబినుకూ మధ్య రేకు కొయ్యాలి. మస్టాంగ్‌లో వీ ఎయిట్ ఇంజనైతే సైలెన్సర్ గొట్టం అడ్డం రావచ్చు. వైపర్లు ఎదుటి పక్కకు తుడవాలి. హెడ్‌లైటు డిమ్ము కొడితే వెలుగు ఎడమ అంచుకు వాలాలి. అమెరికా లైటు కుడికి వాలుతుంది, అంటే మన రోడ్డు మీద ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది.

ఇవన్నీ ఖర్చు అనుకునేవాళ్లకు ఒక దొంగదారి ఉంది. అసలు స్టీరింగ్ రాడ్డును ఎడమనే ఉంచి, డ్యాష్‌బోర్డు వెనక సైకిలుకు ఉన్నట్టు పళ్ల చక్రాలు, చైను పెట్టి కుడివైపు చక్రానికి కలుపుతారు. పైనుంచి చూస్తే అంతా సాఫ్. చైను సాగినా తెగినా చేతిలో చక్రం ఉంటుంది, బండి మాత్రం చేతిలో ఉండదు. "అది పని కాదు, ధోకా" అంటారు మామూ.

ఇప్పుడు కానూన్ సంగతి. వాడిన కార్లను మామూలుగా తెచ్చుకోవాలంటే మూడేళ్లు మించకూడదు, కుడి స్టీరింగ్ ఉండాలి. పాతకాలపు బళ్లకు లెక్క వేరు. ఒకప్పుడు 1950కి ముందువే రానిచ్చేవారు. 2025లో కేంద్రం 50 ఏళ్లు దాటినవాటికి దర్వాజా తెరిచింది. బాపట్ల కుర్రాడి ఆశ అక్కడే పుట్టింది. కానీ 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు, ఆ 'వీఏ' నంబర్ ప్లేటువి, బండి అసలు రూపంలో ఉండాలంటాయి. ఛాసిస్, బాడీ, ఇంజను మారకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ చెప్పిన రూపానికి భిన్నంగా మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా లేదా ఆరు నెలల దాకా జైలు.

విచిత్రం ఏమిటంటే ఎడమ స్టీరింగ్ బండి నడపడం నేరం కాదు. 120వ సెక్షన్ ప్రకారం సరిగ్గా పనిచేసే సిగ్నల్ పరికరం ఉంటే చాలు. అంటే ఎదర కనపడని బండికి ఇజాజత్ ఉంది. కనపడేలా మార్చిన బండికి, ఎంత బాగా మార్చినా, లేదు.

కానూన్‌ను మొత్తంగా తప్పుపట్టను. ఎవడు పడితే వాడు ఛాసిస్ కోస్తే రోడ్డు మీద నా పిల్లలు, మీ పిల్లలే పోతారు. కానీ మనాహీతో పని ఆగదు, చీకట్లోకి పోతుంది. చీకట్లో చైను వేసేవాడికీ, రాత్రంతా కూర్చుని కొలత చూసే ఉస్తాద్‌కూ మజ్దూరీ ఒకటే, పేరూ ఒకటే: "లోకల్ మెకానిక్".

ఆస్ట్రేలియా చూడండి. అక్కడా మనలాగే కుడి స్టీరింగ్. అక్కడ అమెరికా బళ్లు మార్చడం బాజాప్తా ఒక వృత్తి. గుర్తింపు ఉన్న ఇంజనీరు చూసి కాగితం ఇవ్వాలి. 30 ఏళ్లు దాటిన బండిని ఎడమ స్టీరింగ్‌తోనే ఉంచుకోనిచ్చే రాష్ట్రాలూ ఉన్నాయి. మన దగ్గరా నమూనా లేకపోలేదు. సీఎన్‌జీ కిట్టు బిగించడానికి ఆమోదించిన కిట్లు, అనుమతి ఉన్న సెంటర్లు ఉన్నాయి. వికలాంగుల కోసం బండి మార్చుకోవడానికి అదే 52వ సెక్షన్‌లో చోటు దొరికింది. బడికి పోకుండా పని నేర్చినవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతీ ఉంది. ఈ మూడింటినీ కలిపితే స్టీరింగ్ మార్పిడికి ఒక రాస్తా పడుతుంది. ఉస్తాద్‌కు పరీక్ష, పనికి తనిఖీ, బండి కాగితం మీద ఇద్దరి సంతకాలు.

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేశాను. కుడి నుంచి ఎడమకు రాసిన చెయ్యిని ఎడమ నుంచి కుడికి మళ్లించుకున్నాను. ఆ మార్పిడికి నాకు పరీక్ష పెట్టారు, మార్కులు వేశారు, పట్టా ఇచ్చారు. ఆ పట్టాతోనే నాకు రోజీ దొరికింది. మామూ చేతికి అలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు. మా తెనాలి శిల్పులు బళ్ల తుక్కుతో విగ్రహాలు చేస్తే దేశమంతా షాబాష్ అంది, అనాలి కూడా. కానీ విగ్రహానికి బ్రేకు వెయ్యాల్సిన పని లేదు. బ్రేకు వేస్తే ఆగే బండిని చేసే చేతికి ఆ ఇజ్జత్‌తో పాటు జవాబుదారీ కూడా కావాలి.

అంతవరకు నా సలహా ఒకటే. మస్టాంగ్‌ను కొయ్యకండి, అసలు రూపంలో ఎడమనే ఉండనివ్వండి. మామూ కూడా బాపట్ల కుర్రాడికి అదే ఖబర్ పంపారు.

"తీసుకురా బేటా. లైట్లు సరిచేస్తా, బ్రేకులు చూస్తా, సిగ్నళ్లు పెడతా. నడిపేటప్పుడు కుడిపక్క నేను కూర్చుంటా. స్టీరింగ్ మాత్రం ముట్టను. సంతకం పెట్టేవాడొచ్చిన రోజు మాట్లాడదాం."

ఆ రోజు వచ్చేసరికి మామూ చేతిలో బలం ఉంటుందో లేదో. షెడ్డులో ఇప్పుడు షాగిర్దులు ఇద్దరే ఉన్నారు. వాళ్లలో ఒకడు ఫుడ్ డెలివరీ పనికి పోతానంటున్నాడు.