సంతకం మీది, మాటా మీదే

తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ మౌషుమీ భట్టాచార్యకు దురుద్దేశాలు అంటగడుతూ సుప్రీంకోర్టులో బదిలీ పిటిషన్ వేసిన కక్షిదారు, దాన్ని తయారుచేసి దాఖలు చేసిన న్యాయవాదులు ధిక్కరణ చర్య నుంచి బయటపడ్డారు. ఆమె వారి క్షమాపణను అంగీకరించడంతో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయి నేతృత్వంలోని ధర్మాసనం 2025 నవంబర్ 10న ఆ ప్రక్రియను ముగించింది. శిక్షించడంలో కన్నా క్షమించడంలోనే చట్టం ఔన్నత్యం ఉందన్న వైఖరి సర్వోన్నత న్యాయస్థానానికి తగినదే. దాన్ని మేం తప్పుపట్టం. అయితే ఇలాంటి ఉదంతం జరిగిన ప్రతిసారీ న్యాయవాద వర్గాల్లో కొందరు ముందుకు తెచ్చే సమర్థన ఒకటుంది. దాన్ని మాత్రం క్షమించి ఊరుకోలేం. ‘కక్షిదారు ఏం చెబితే అది రాశాం. మా పని మేం చేశాం. ఇందులో మా తప్పేముంది?’ అన్నదే ఆ సమర్థన. వినడానికి అమాయకంగా ఉండే ఈ మాట నిజానికి న్యాయవాద వృత్తిలో వినిపించే మాటలన్నిట్లోకీ కపటమైనది.

కపటం అనడానికి కారణముంది. ఈ మాట అనేవారికి అది అబద్ధమని తెలుసు. న్యాయవాదిగా పేరు నమోదైన ప్రతి ఒక్కరికీ వర్తించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమాలు ఈ విషయంలో ఎలాంటి సందేహానికీ తావివ్వలేదు. న్యాయవాది తనను తాను కక్షిదారుకు కేవలం నోరుగా భావించరాదని ఆ నియమాలు సూటిగా చెబుతున్నాయి. రాతలో సంయమనం పాటించాలని, పిటిషన్లలో నీచమైన దాడులకు దిగరాదని, వాదనలో నోరు జారరాదని, ఏ మాట వాడాలో తన సొంత విచక్షణతో నిర్ణయించుకోవాలని నిర్దేశిస్తున్నాయి. కక్షిదారు అడ్డదారి తొక్కాలని చూస్తే ఆపాలని, వినకపోతే అతని తరఫున వాదించడానికే నిరాకరించాలని కూడా చెబుతున్నాయి. ఇవి న్యాయమూర్తులు తమను తాము కాపాడుకోవడానికి రాసుకున్న నియమాలు కావు. న్యాయవాదులు ఎన్నుకున్న సంస్థ న్యాయవాదుల కోసం రాసిన నియమాలు. తమ ఇంటి కట్టుబాటునే తెలియనట్టు నటించేవారు ఇతరులకు చట్టం ఎలా చెబుతారు?

న్యాయస్థానాలు చెప్పలేదా అంటే, ఏడు దశాబ్దాల క్రితమే చెప్పాయి. 1954లో ఎం.వై. షరీఫ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చిన ప్రశ్న అచ్చంగా ఇదే. నాగ్‌పూర్ హైకోర్టులో ఒక కేసును ఫలానా ధర్మాసనం నుంచి మార్చాలంటూ, న్యాయమూర్తులపై నిందలు మోపిన దరఖాస్తు మీద ఇద్దరు న్యాయవాదులు సంతకం చేశారు. కక్షిదారు కోరితే సంతకం చేయడం తమ విధి అనుకున్నామన్నారు. అలాంటి ఆరోపణలకు ప్రాథమికంగానైనా తగిన ఆధారాలున్నాయో లేదో సహేతుకంగా తేల్చుకోకుండా సంతకం చేసే న్యాయవాది కూడా ధిక్కరణకు పాల్పడినట్టేనని సుప్రీంకోర్టు తేల్చింది. నాగ్‌పూర్ బార్‌లో కొందరికి ఈ విషయంలో అపోహ ఉందని గమనించి, బేషరతు క్షమాపణను మన్నించింది. ఆనాడు అపోహ అంటే నమ్మారు. ఏడు దశాబ్దాల తర్వాత, ఆ తీర్పు అందరికీ అందుబాటులో ఉన్న కాలంలో, అదే అపోహను మళ్లీ అరువు తెచ్చుకోవడం తెలియనితనం కాదు. తెలిసి చేసే మోసం.

నియమాలను, తీర్పులను పక్కన పెట్టి న్యాయవాది గదిలో రోజూ జరిగేది చూసినా ఈ సమర్థన నిలవదు. కక్షిదారు చెప్పిందంతా ఏ న్యాయవాదైనా యథాతథంగా రాస్తారా? భూమి తనదని వచ్చిన రైతును పాసు పుస్తకం ఏదని అడుగుతారు. పహాణీలు తెమ్మంటారు. ఈసీ చూడందే దావా మీద కలం పెట్టరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరి కూడా సరిహద్దులు సరిచూసుకోనిదే కాగితం రాయడు. కక్షిదారు తన ప్రత్యర్థిని తిట్టే తిట్లలో పరువునష్టం దావాకు దారితీసేవేవో ఏరి పారేస్తారు. లిమిటేషన్ దాటిందంటే దాటిందనీ, సాక్ష్యం చాలదంటే చాలదనీ మొహమాటం లేకుండా చెబుతారు. ‘చట్టం ఒప్పుకోదు’ అని రోజుకు పదిమందికి చెప్పి పంపేవారే, న్యాయమూర్తి మీద నింద దగ్గరికి వచ్చేసరికి చెప్పింది చెప్పినట్టు రాసే గుమాస్తాలైపోతారా? పది సెంట్ల స్థలానికి అడిగే రుజువు, ఒక న్యాయమూర్తి నిజాయితీని దెబ్బతీసే వాక్యానికి అక్కర్లేదా?

ఇంకో మాట. ఈ పిటిషన్లు రాసేది ఏ భాషలో? కక్షిదారుల్లో అత్యధికులు తమ గోడు తెలుగులోనో, ఉర్దూలోనో, హిందీలోనో చెప్పుకొంటారు. హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లే కాగితం ఇంగ్లిషులో ఉంటుంది. ‘మాకు న్యాయం జరగలేదు’ అని కక్షిదారు వెళ్లబోసుకున్న బాధకీ, ‘పక్షపాతంతో వ్యవహరించారు’ అన్న ఆరోపణకీ మధ్య చాలా దూరముంది. ఆ దూరాన్ని దాటించేది కక్షిదారు కోపం కాదు, న్యాయవాది కలం. తీరా ధిక్కరణ నోటీసు వచ్చాక ఆ వాక్యాన్ని కక్షిదారు ఖాతాలో వేయడం కన్నా పిరికితనం ఏముంటుంది? కేసు గెలిస్తే అది తమ వాదనా పటిమ. ఫీజుకు న్యాయం చేసిన ప్రతిభ. బెడిసికొడితే మాత్రం అది కక్షిదారు మాట. న్యాయవాదిని నమ్మి కాగితం మీద సంతకం పెట్టినవారిని న్యాయస్థానం ముందు ఒంటరిగా నిలబెట్టే ఈ సమర్థన, కక్షిదారు మీద గౌరవంలా కనిపిస్తూనే కక్షిదారును బలిపెడుతుంది.

నిందకు గురైనవారి స్థితి కూడా ఆలోచించాలి. రాజకీయ నాయకుడి మీద ఆరోపణ వస్తే సాయంత్రానికి విలేకరుల సమావేశం పెట్టి తిప్పికొడతాడు. న్యాయమూర్తికి ఆ వీలు లేదు. తీర్పుతో తప్ప మాట్లాడరాదన్న నియమానికి కట్టుబడి ఉన్నవారిని, మాట్లాడలేరన్న ధీమాతోనే నిందించడం శౌర్యం కాదు. తెలంగాణ హైకోర్టు ఉదంతంలో ముందు ఆ న్యాయమూర్తికే క్షమాపణ చెప్పుకోండని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఆదేశించడంలోని ఔచిత్యం ఇదే. హైకోర్టు న్యాయమూర్తులు తమకన్నా ఏ రకంగానూ తక్కువ కారని అప్పటి ప్రధాన న్యాయమూర్తి స్పష్టం చేశారు. గాయం ఎవరికైతే, మన్నించే హక్కూ వారిదే. అయితే అంత దూరం వెళ్లగలిగింది వ్యవహారం సుప్రీంకోర్టు దృష్టికి వచ్చింది కాబట్టి. కింది కోర్టుల్లో కూర్చున్న జూనియర్ సివిల్ జడ్జీల సంగతేమిటి? ఢిల్లీలోని ద్వారకా కోర్టులో 2025 ఏప్రిల్‌లో చెక్‌బౌన్స్ కేసు దోషి, అతని న్యాయవాది తనను బెదిరించిన తీరును ఒక మహిళా మేజిస్ట్రేటు తన ఉత్తర్వులోనే నమోదు చేసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 6న సాక్షాత్తు అప్పటి ప్రధాన న్యాయమూర్తి మీదికే ఒక న్యాయవాది బూటు విసరబోయారు. కాగితం మీద హద్దు చెరిగాక కోర్టు హాల్లో హద్దు నిలుస్తుందనుకోవడం భ్రమ.

పిటిషన్లలో న్యాయమూర్తులపై వేసే ఆ నిందల అసలు ప్రయోజనం కూడా దాచిపెట్టాల్సిన రహస్యమేమీ కాదు. చాలా సందర్భాల్లో వాటిని రుజువు చేయాలన్న ఉద్దేశం రాసినవారికే ఉండదు. న్యాయమూర్తి నొచ్చుకుని తప్పుకుంటే చాలు, ఆ బెంచ్ తప్పిపోతే చాలు. నచ్చని ధర్మాసనాన్ని వదిలించుకోవడానికి ఆరోపణలను ఆయుధంగా వాడే ధోరణిని 2009లో ఆర్.కె. ఆనంద్ కేసులోనే సుప్రీంకోర్టు తీవ్రంగా గర్హించింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కేసులో బలం లేనప్పుడు న్యాయమూర్తిలో లోపం వెతుకుతారు. ఎదురుతిరిగితే అఫిడవిట్‌లో రెండు పేరాల బేషరతు క్షమాపణ. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. అలా జుట్టు పట్టుకున్నది కక్షిదారు చెయ్యేనని ఇంకా మనల్ని నమ్మమంటున్నారు!

ధిక్కరణ భయం నిర్భయమైన వాదనను నొక్కేస్తుందన్నది ఎదుటి పక్షంలో విలువైన మాట. నోరు జారే న్యాయమూర్తులు ఉన్నారన్నదీ నిజమే. అందుకే అవే ప్రవర్తనా నియమాలు, తగిన కారణముంటే న్యాయాధికారిపై సంబంధిత అధికారులకు ఫిర్యాదు చేయడం న్యాయవాది హక్కే కాదు, విధి కూడా అన్నాయి. కోర్టు ధిక్కరణ చట్టానికి 2006లో చేసిన సవరణ, ప్రజాహితం కోసం సదుద్దేశంతో చెప్పిన సత్యాన్ని రక్షణగా అంగీకరిస్తోంది. రుజువున్నవారికి దారి తెరిచే ఉంది. ఆ దారిలో నడవాలంటే ‘ఇది నేనే చెబుతున్నాను, రుజువు ఇదిగో’ అనాలి. ‘కక్షిదారు చెప్పాడు’ అనేవారు ఆ దారిలో అడుగు పెట్టలేరు.

పెద్ద పేరున్నవారికి ఒక న్యాయం, చిన్నవారికి ఒకటి ఉండదనీ చరిత్ర చెబుతోంది. అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తిని బెదిరించిన వినయ్ చంద్ర మిశ్రా అప్పటికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అధ్యక్షుడు. 1995లో సుప్రీంకోర్టు ఆయన్ను దోషిగా తేల్చి, మూడేళ్లపాటు వృత్తి చేయకుండా నిషేధించింది. న్యాయవాది లైసెన్సు మీద వేటు వేసే అధికారం ధిక్కరణ విచారణలో కోర్టుకు లేదని, అది బార్ కౌన్సిళ్లదేనని 1998లో రాజ్యాంగ ధర్మాసనం ఆ నిషేధాన్ని పక్కన పెట్టింది. వృత్తి స్వాతంత్ర్యానికి అది గొప్ప విజయమని న్యాయవాదులు సంతోషించారు. సంతోషించాల్సిందే. కానీ స్వయం పాలన అడిగి తెచ్చుకున్నవారు స్వయం క్రమశిక్షణ కూడా తెచ్చుకోవాలి. 1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదు అందినా, మరో విధంగా తెలిసినా బార్ కౌన్సిల్ కదలవచ్చు. మందలింపు నుంచి పేరు తొలగింపు దాకా చర్యలున్నాయి. బూటు ఘటన జరిగిన రోజే ఆ న్యాయవాది లైసెన్సును సస్పెండ్ చేసిన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, తలచుకుంటే ఎంత వేగంగా కదలగలదో చూపించింది. కెమెరాలకు చిక్కిన బూటుకు ఉన్న వేగం, ఫైళ్లలో దాగిన రాతకు ఎందుకు ఉండకూడదు?

ఆ బదిలీ పిటిషన్ వేసిన కక్షిదారునూ, న్యాయవాదులనూ మళ్లీ బోనెక్కించాలని మేం కోరడం లేదు. గాయపడిన న్యాయమూర్తే మన్నించాక ఆ అధ్యాయం వారి వరకు ముగిసింది. ముగియనిది ఆ సమర్థన. దాన్ని సమాధి చేయాల్సిన బాధ్యత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిళ్ల మీద ఉంది. న్యాయమూర్తిపై ఆరోపణ ఉన్న ఏ పిటిషన్‌తోనైనా, ఆధారాలను తాను స్వయంగా పరిశీలించానని, వాటికి తానూ బాధ్యుడినని న్యాయవాది వేరుగా ధ్రువీకరణ జతచేయాలి. అది లేని కాగితాన్ని హైకోర్టుల రిజిస్ట్రీలు నంబరు వేయకుండా వెనక్కి పంపాలి. సుప్రీంకోర్టులో పిటిషన్లు దాఖలు చేసే అడ్వకేట్ ఆన్ రికార్డ్‌లు చదవకుండా సంతకం అరువిచ్చే తీరు వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని రామేశ్వర్ ప్రసాద్ గోయల్ ఉదంతంలో 2013లోనే సుప్రీంకోర్టు తేల్చింది. దాన్ని క్రమశిక్షణ సంఘాలు అక్షరాలా అమలు చేయాలి. చట్టం విధించిన ఏడాది గడువులోగా ఫిర్యాదులు తేల్చి, ఆ నిర్ణయాలను ప్రజల ముందుంచాలి. సీనియర్లు తమ దగ్గర చేరిన జూనియర్లకు వాదన నేర్పేముందు నిరాకరించడం నేర్పాలి. కక్షిదారు ఎంత ఒత్తిడి చేసినా ‘ఈ వాక్యం నేను రాయను’ అనగలిగినవారే న్యాయవాదులు. ఆ మాట అనలేక రాసినవారు, రాసినదానికి తామే జవాబు చెప్పాలి.