కడుపునొప్పికి మళ్లీ కత్తేనా?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. 15–49 ఏళ్ల స్త్రీలలో 8.7 శాతం మందికి గర్భసంచి తీసేశారు, దేశ సగటు 3.3. కోత పడిన కడుపులో పేగులు, పొరలు ఒకదానికొకటి అతుక్కోవచ్చు. ఈ అతుకులు మామూలు స్కానింగ్‌లో చాలావరకు కనబడవు. కాబట్టి కోయిలకుంట్ల లాంటి ఊళ్లో ఏళ్లుగా నొప్పితో తిరిగే ఆడమనిషికి రిపోర్టు బాగుందని చెప్పి పంపేయడం అన్యాయం.

అలాగని విడదీయడానికి మళ్లీ కోయడమూ తొందరపాటే. 2003లో లాన్సెట్‌లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనంలో వంద మందికి కడుపు లోపల కెమెరాతో చూసి, సుమారు సగం మందికే అతుకులు విడదీశారు. ఏడాది తర్వాత రెండు వర్గాల్లోనూ ఉపశమనం ఇంచుమించు ఒకటే. విడదీసినవి మళ్లీ అతుక్కోవచ్చు, పేగుకు చిల్లుపడే ముప్పు అదనం. మరి భరించమంటారా అని అడగవచ్చు. కానే కాదు. వేలితో చూపగలిగే నొప్పి, పొట్ట బిగిస్తే పెరిగేది, పొట్టగోడ నరానిది కావచ్చు. అక్కడ మత్తు ఇంజెక్షన్ ఇస్తే చాలావరకు తేలిపోతుంది. ముందు ఆ పరీక్ష జరగాలి. వాంతులు, ఉబ్బరం, గాలి కూడా పోకపోవడం మాత్రం వేరే సంగతి: పేగు మూసుకుపోయి ఉండవచ్చు, ఆ పూటే నంద్యాలలోనో కర్నూలులోనో ఆసుపత్రికి చేరాలి, పాత ఆపరేషన్ కాగితాలతో సహా.