ఆ నేల ఎవరి జాగీరు?

బెజవాడ స్వరాజ్ మైదానాన్ని మా బందరోళ్ళు, గుడివాడోళ్ళు, దివిసీమ కూలిజనం ఇప్పటికీ పీడబ్ల్యూడీ గ్రౌండనే అంటారు. రైలో బస్సో పట్టుకుని, అన్నం మూటలతో సభలకి పోయి కాళ్ళు బారజాపుకుని కూర్చున్న నేల అది. ఊళ్ళో రచ్చబండ మీద కూర్చోవాలంటే వెనకా ముందూ చూసుకోవాలి. అక్కడ మమ్మల్ని లెమ్మన్నవాడు లేడు. పుస్తకాల పండగా, రైతుబజారూ అక్కడే జరిగేవి.

2024 జనవరి 19న అక్కడే, 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేద్కర్ నిలబడ్డాడు. చుట్టూ స్మృతివనం. మేమూ పోయి మెడ నొప్పెట్టేదాకా చూశాం. కళ్ళనీళ్ళొచ్చాయి, అబద్ధమెందుకు? (2017లో ఇంకో సర్కారు ఐనవోలులో ఇలాంటిదానికే రాయేసింది. అది పూర్తికాలేదు.)

ఆ ఆగస్టులోనే ఓ రాత్రి శిలాఫలకం మీంచి మాజీ ముఖ్యమంత్రి పేరు పీకేశారు. ఒకరు పెట్టుకోవడం, ఒకరు పీకడం! బాబాసాహెబ్ నెత్తిన మీ పేర్ల పంచాయితీ ఏందయ్యా?

మహాడ్ చెరువును 1924లో మున్సిపాలిటీ కాగితం మీద అందరికీ తెరిచింది. మనోళ్ళని మాత్రం ముట్టుకోనివ్వలేదు. అందుకే 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతో నడిచెళ్ళి దోసెడు నీళ్ళు తాగాడు. పార్కుకైనా అదే లెక్క. గేటు దగ్గర పైసా అడక్కూడదు. చెట్లకి నీళ్ళు, రాత్రికి దీపాలు, ఊడ్చే అక్కచెల్లెళ్ళకి నెలనెలా జీతం సర్కారే చూడాలి. ప్రైవేటోళ్ళకి అప్పగిస్తామంటే ఊరుకోం. మా సభలకి చోటివ్వాలి.

ఏప్రిల్ 14న అన్నం మూటలతో వస్తున్నాం. నేలమీదే కూర్చుంటాం.