120 పీఎస్ సరే, మాన్యువల్‌లో రెండో టేబుల్ చూశారా?

ఫోన్ బాక్స్ మీద 200 మెగాపిక్సెల్ అని రాసుంటే మనలో ఎవరూ అంత ఈజీగా నమ్మరు. సెన్సర్ సైజెంత, అరగంట గేమ్ ఆడితే ఎంత వేడెక్కుతుంది, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు అని అడుగుతాం. అదే మనం కారు షోరూమ్‌లోకి వెళ్లి "లీటర్ ఇంజిన్‌లో 120 పీఎస్ బ్రో" అనగానే ఫ్లాట్ అయిపోతాం. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్ ఎన్నాళ్లు నిలబడుతుందో ఆ నంబర్ చెప్పదు. అది తెలియాలంటే ఎవరూ తెరవని ఓనర్స్ మాన్యువల్ తెరవాలి.

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కానీ, జనం నోట్లో ఇంకా అనంతపురం ప్లాంటే. 2019లో సెల్టోస్‌తో మొదలై, 2020 సెప్టెంబర్‌లో సోనెట్ మార్కెట్లోకి వచ్చింది. అందులో 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ 6000 ఆర్‌పీఎమ్ దగ్గర 120 పీఎస్ ఇస్తుంది. టార్క్ 172 న్యూటన్ మీటర్లు. అదే కారులో టర్బో లేని 1.2 లీటర్ ఇంజిన్‌కి 83 పీఎస్, 115 న్యూటన్ మీటర్లు.

నిజానికి ఇందులో గొప్ప నంబర్ 120 కాదు. 172 న్యూటన్ మీటర్లు 1500 ఆర్‌పీఎమ్‌కే వచ్చేసి 4000 దాకా అలాగే ఉంటాయి. 1.2కి తన మొత్తం టార్క్ రావాలంటే 4200 దాకా తొక్కాలి. ఎన్‌హెచ్ 44 మీద నలుగురు మనుషులు, ఫుల్ ఏసీ, ముందు లారీ ఉన్నప్పుడు తేడా తెలిసేది అక్కడే.

మరి ఇంత చిన్న ఇంజినే ఎందుకు? ఇంజనీరింగ్ సగం, పన్ను సగం. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ అయితే జీఎస్టీ తక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటికి 18 శాతం, ఆ గీత దాటితే 40. కాబట్టి పెద్ద ఇంజిన్ పవర్ కావాలి, చిన్న ఇంజిన్ పన్ను కావాలి. దారి టర్బో ఒక్కటే.

ఆ పవర్ ఊరికే రాదు. టర్బోలోని చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరగగలదు. దానికి ఒకవైపు సైలెన్సర్‌లోకి పోయే మంట లాంటి పొగ, మధ్యలో బేరింగ్‌ని కాపాడేది పల్చటి ఆయిల్ పొర. గేమింగ్ ఫోన్ థర్మల్ థ్రాట్లింగ్ మీకు తెలుసు కదా, ఇక్కడా అదే కథ. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఇంజిన్ పీల్చేగాలే వేడిగా ఉంటే, లోపల నాకింగ్ రాకుండా ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ని వెనక్కి జరుపుతుంది. అంటే బ్రోషర్‌లోని 120 పీఎస్ ఆ పూట మీకు పూర్తిగా దొరకదు.

ఇక మాన్యువల్ సంగతి. సర్వీస్ చాప్టర్‌లో రెండు టేబుల్స్ ఉంటాయి. మొదటిది మామూలు వాడకానికి. యాప్ రిమైండర్ పంపేదీ, సర్వీస్ అడ్వైజర్ చెప్పేదీ అదే. రెండోది కఠినమైన వాడకానికి. అందులో ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ ఇంకా త్వరగా మార్చమని ఉంటుంది. ఆ కఠినమైన వాడకం అంటే ఏంటో లిస్ట్ చదవండి: దుమ్ము రోడ్లు, 32 డిగ్రీలు దాటిన ఎండలో ట్రాఫిక్, మాటిమాటికీ ఎనిమిది కిలోమీటర్ల లోపు చిన్న ట్రిప్పులు. అయ్యా, ఇది ఏదో ఎడారి ర్యాలీ కాదు, అనంతపురంలో మామూలు మంగళవారం! ఏడాదికి 550 మిల్లీమీటర్లు వాన పడితే గొప్ప అనుకునే నేల, గాలి వీస్తే ఎర్రదుమ్ము. పిల్లల్ని స్కూల్లో దించి టవర్ క్లాక్ చుట్టూ తిరిగొస్తే ఇంజిన్ సరిగ్గా వేడెక్కనే వేడెక్కదు, ఆయిల్‌లో కలిసిన పెట్రోల్ ఆవిరవదు. ఈ కారు పుట్టిన నేలే రెండో టేబుల్ నేల. అయినా మనం మొదటి టేబుల్ ప్రకారం ఏడాదికోసారి ఆయిల్ మార్చి "టర్బోలు నమ్మకూడదు" అంటాం.

స్పెక్స్, అవార్డులు రెండూ ఉన్నా చాలదని చెప్పడానికి ఫోర్డ్ ఎకోబూస్ట్ ఉంది. ఈ లీటర్ టర్బో 2012, 13, 14లో వరసగా ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ గెలిచింది. 2013లో ఎకోస్పోర్ట్‌తో మన దగ్గరికీ వచ్చింది. ఆ డిజైన్‌లో ఆయిల్‌లో మునిగి తిరిగే బెల్టు ఉంటుంది. 2023 చివర్లో అమెరికాలో ఆయిల్ పంప్ బెల్టు సమస్యతో సుమారు 1.4 లక్షల ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లని వెనక్కి పిలిచారు. బెల్టు పళ్లు అరిగితే ఆయిల్ ప్రెజర్ పోతుంది, అది పోతే ఇంజినే పోతుంది. కియా ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ఉంది, ఆ రిస్క్ తక్కువ. కానీ చైన్ కూడా బతికేది ఆయిల్ మీదే.

డ్రైవింగ్‌లో ఒక్క అలవాటు మానండి చాలు. మైలేజీ కోసం టాప్ గేర్‌లో 1300 ఆర్‌పీఎమ్ దగ్గర యాక్సిలరేటర్ అదిమి ఎత్తు ఎక్కించడం. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో అలాంటప్పుడే స్పార్క్ రాకముందే మిశ్రమం మండిపోయే ప్రమాదం ఎక్కువ, పిస్టన్ పగిలేంత దెబ్బ. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఆయిల్‌కి ఈ సమస్య మీద ప్రత్యేకంగా టెస్ట్ ఉంది. కాబట్టి డబ్బా మీద ఆ రెండక్షరాలు చూడండి. గేర్ దించడానికి మొహమాటం వద్దు. స్టేజ్ 1 రీమ్యాప్? వారంటీ వదులుకుని, పిస్టన్ల మీద ఇంకో బరువు పెట్టుకోవడం. నేనైతే చేయించను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2020 చివర్లో అమ్మిన సోనెట్లు సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. స్టాండర్డ్ వారంటీ మూడేళ్లు, అదెప్పుడో అయిపోయింది. మొదటి ఉద్యోగం, మొదటి కారు లోన్ మీద వాటిని చూస్తున్న వాళ్లు మనలోనే బోలెడు. ఓడోమీటర్ చూసి మురిసిపోకండి. ఊళ్లోనే 30 వేలు తిరిగి ఆయిల్ మూడుసార్లే మార్చిన కారు కంటే, బెంగళూరు-అనంతపురం మధ్య 90 వేలు తిరిగి బిల్లులన్నీ ఉన్న కారుకే నా ఓటు. బిల్లులో ఆయిల్ గ్రేడ్, తేదీ, కిలోమీటర్లు మూడూ ఉండాలి. బిల్లులు లేవంటే రేటు తగ్గించమని అడగడం కాదు, అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఈ20 పెట్రోల్ గురించి ఫ్యూయల్ మూత మీద, మాన్యువల్‌లో ఏముందో కూడా చూడండి.

కొత్తది కొనేవాళ్లకి: రోజూ ఊళ్లో ఐదారు కిలోమీటర్లే అయితే సోనెట్ 1.2 తీసుకోండి, టర్బో డబ్బు మిగుల్చుకోండి. వారం వారం హైవే ఎక్కేవాళ్లకి టర్బో నిజంగా విలువైనదే. సైరోస్ మీద మనసు పడ్డవాళ్లకి మాత్రం ఈ ఛాయిస్ లేదు, అందులో పెట్రోల్ అంటే ఈ లీటర్ టర్బో ఒక్కటే. డెలివరీ రోజున ఫొటోలు దిగడం అయ్యాక, రెండో టేబుల్ ప్రకారం సర్వీస్‌కి ఏడాదికి ఎంతవుతుందో అడ్వైజర్ చేత కాగితం మీద రాయించుకోండి.